కాయిల్ మోసిన నీలాపనింద

వినాయక చవితి నాడు చంద్రుణ్ణి చూసినవారికి నీలాపనిందలు తప్పవని మన పెద్దల నమ్మకం. శమంతకమణి దొంగతనం శ్రీకృష్ణుడి మీద పడిన కథను ఏటేటా అక్షతలు చేతబట్టుకొని అందరమూ వింటున్నదే. యంత్రాలలోనూ అటువంటి నిందకు తరచుగా గురైన భాగం ఒకటున్నది. అది ఇగ్నిషన్ కాయిల్. ఎండాకాలం మధ్యాహ్నం పూట బండి ఆగిపోయి, ఎన్ని కిక్కులు కొట్టినా, ఎంత సెల్ఫు తిప్పినా లేవకపోతే, చుట్టూ చేరినవారిలో ఒకరు తప్పక పలికే తీర్పు: "కాయిల్ పోయిందన్నా!"

ఈ తీర్పు కొన్నిసార్లు నిజమే. కాని చాలాసార్లు కాదు. కాకపోయినా అది నిజమైనట్టు కనపడటానికి ఒక కారణమున్నది. ఆ కారణం తెలియాలంటే కాయిల్ పుట్టుకను, గాలితో చల్లబడే ఇంజన్ల చరిత్రను, పంజాగుట్ట నుండి అమీర్‌పేట మీదుగా సనత్‌నగర్ వైపు సాగే దారిని కలిపి చూడవలసి ఉంటుంది.

* * *

మొదట ఒక మాట గురించి. పాతకాలపు కారు మెకానిక్కులు డిస్ట్రిబ్యూటరును "డెల్కో" అంటారు. ఎవరిని అడిగినా అది ఆ వస్తువు పేరనే చెబుతారు. నిజానికది ఒక కంపెనీ పేరు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే పట్టణమున్నది. అక్కడ 1909లో చార్లెస్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ అనే ఇద్దరు కలిసి డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీని స్థాపించారు. ఆ పొడుగాటి పేరు కుదించుకుపోయి డెల్కో అయింది. సముద్రాలు దాటి వచ్చి మన షెడ్లలో నామవాచకంగా స్థిరపడింది.

కాయిల్ వెనకనున్న సూత్రం కెటరింగ్‌ది కాదు. 1831లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టాడు. 1836లో ఐర్లండులో నికొలస్ కాలన్ అనే మతాచార్యుడు ఒకే ఇనుప కడ్డీ మీద రెండు తీగచుట్టలు చుట్టి, తక్కువ వోల్టేజి నుండి ఎక్కువ వోల్టేజిని పుట్టించాడు. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మోటారుబండిలోనూ రవ్వ పుట్టించినది తీగచుట్టే. ఆ తరువాత 1902లో బాష్ సంస్థ తెచ్చిన హై వోల్టేజి మాగ్నెటో చాలాకాలం రాజ్యమేలింది. కెటరింగ్ చేసినదల్లా బ్యాటరీ, కాయిల్, పాయింట్లు, డిస్ట్రిబ్యూటరు అనే నాలుగింటిని నమ్మదగిన ఒక కుటుంబంగా కూర్చటం. 1910 నమూనా కాడిలాక్ కార్లు ఆ జ్వలన వ్యవస్థతో వచ్చాయి. 1912 నమూనాలో సెల్ఫు స్టార్టరు కూడా చేరింది. సుమారు అరవై ఏళ్ళు ప్రపంచంలోని పెట్రోలు కార్లలో అత్యధికం ఈ పద్ధతినే నడిచాయి.

పని చేసే తీరు సులభమైనదే. కాయిల్ డబ్బాలో ఇనుప పలకల కడ్డీ ఉంటుంది. దాని మీద కొన్ని వందల చుట్లు లావుపాటి రాగితీగ, వేల చుట్లు వెంట్రుకవంటి సన్నని తీగ. పాయింట్లు మూసుకొన్నంతసేపు లావు తీగలో విద్యుత్తు పారి అయస్కాంతక్షేత్రం నిండుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణాన అది ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ కూలటంలో సన్నని తీగలో ఇరవై వేల వోల్టుల దాకా పుట్టి, ప్లగ్గు కొన దగ్గర రవ్వై దూకుతుంది. అంటే రవ్వ పుట్టేది విద్యుత్తు పారినప్పుడు కాదు, ఆగినప్పుడు. పారుతున్నంతసేపూ పుట్టేది వేడి.

ఆ వేడి ఎంతో లెక్క కట్టవచ్చు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు సరిపోయే 12 వోల్టుల కాయిల్‌లో లావు తీగ నిరోధం సుమారు 3 ఓమ్‌లు. పాయింట్లు మూసుకొని ఉంటే పారేది 4 ఆంపియర్లు, పుట్టే వేడి 48 వాట్లు. ఇంజను తిరుగుతున్నప్పుడు పాయింట్లు సగం పైచిలుకు కాలం మాత్రమే మూసుకొంటాయి కనుక వేడి పాతిక వాట్ల చుట్టూ ఉంటుంది. రేడియోలు బాగుచేసేవారి చేతిలో ఉండే మామూలు సాల్డరింగ్ ఐరనుది పాతిక వాట్లే. ఒక సాల్డరింగ్ ఐరనును నూనె నింపిన డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఇంజను పక్కన తగిలించినట్టు ఊహించుకోవచ్చు. చుట్టూ గాలి ఆడుతున్నంతసేపు దానికి ముప్పు లేదు. ఇంజను ఆపి, తాళంచెవి మాత్రం తిప్పి ఉంచి, పాయింట్లు మూసుకొన్న స్థితిలో బండిని వదిలేస్తే పరిస్థితి వేరు. అప్పుడు పుట్టేది రెండు సాల్డరింగ్ ఐరన్ల వేడి. ఫ్యాను తిరగదు, గాలి ఉండదు. నిజంగా కాయిల్ చచ్చేది ఇట్లాంటి సందర్భంలోనే.

* * *

కెటరింగ్ జీవితంలో రెండవ కథ ఒకటున్నది. అది ఆయన కీర్తికి అంతగా కలిసిరాలేదు. 1920లో ఆయన జనరల్ మోటార్స్ పరిశోధనశాలకు అధిపతి అయ్యాడు. రేడియేటరు, నీళ్ళు, గొట్టాలు, పంపు ఏవీ లేకుండా కేవలం గాలితో చల్లబడే కారును చేయాలని సంకల్పించాడు. సిలిండర్ల చుట్టూ రాగి రెక్కలు అతికించాడు. రాగి వేడిని త్వరగా లాగివేస్తుందని ఆయన ఆశ. 1923లో షెవ్రొలే పేరుతో ఆ కారు బయటికి వచ్చింది. ఎండలో అది వేడెక్కింది, శక్తి కోల్పోయింది, రవ్వ పడకముందే పెట్రోలు అంటుకొన్నది. మొత్తం తయారైనవి 759 కార్లు. కొనుగోలుదారుల చేతికి చేరినవి ఓ నూరు. ఆ ఏడే సంస్థ వాటిని వెనక్కు పిలిపించుకొన్నది. కాయిల్ జ్వలనాన్ని లోకానికిచ్చిన మనిషే గాలితో చల్లబడే కారు దగ్గర ఓడిపోయాడు. ఆయన చేతుల్లో కలవని ఈ రెండూ తరువాత జర్మనీలో కలిశాయి.

ఫెర్డినాండ్ పోర్షె రూపకల్పన చేసిన బీటిల్ రెక్కలను మాత్రమే నమ్ముకోలేదు. ఇంజను మీద రేకు గూడు కట్టి, అందులో పెద్ద ఫ్యాను పెట్టి, గాలిని బలవంతంగా సిలిండర్ల మీదికి తోలింది. ఆ ఫ్యాను డైనమో ఇరుసు మీదనే తిరుగుతుంది, రెండింటినీ నడిపేది ఒకే బెల్టు. బెల్టు తెగితే ఛార్జింగు ఎర్రదీపం వెలుగుతుంది, దానితోపాటు చల్లదనమూ పోయినట్టే. ఈ ఏర్పాటుతో 2003 జులై 30న మెక్సికోలోని ప్వేబ్లాలో చివరి కారు బయటికి వచ్చేనాటికి 2 కోట్ల 15 లక్షలకు పైగా బీటిల్‌లు తయారయ్యాయి. ఆ కారులో కాయిల్ చోటు ఫ్యాను గూడు మీదనే. బండి వెనుక, ఇంజను గదిలో, మూత కింద. కారు నడుస్తుంటే ఆ గదిలో గాలి కదులుతూ ఉంటుంది. ఆగితే వేడి అక్కడే నిలుస్తుంది.

గాలితో చల్లబడే ఇంజన్లన్నింటికీ వర్తించే నియమం ఒకటి ఇక్కడ బయటపడుతున్నది. వాటికి వేగం కన్నా నిలకడ ప్రమాదం. నీళ్ళున్న ఇంజనుకు రేడియేటరులో కొంత ఓపిక దాగి ఉంటుంది. గాలిని నమ్ముకొన్న ఇంజనుకు అట్లాంటి నిల్వధనం లేదు. ఏ నిమిషం కూలి ఆ నిమిషమే.

* * *

బీటిల్ మన దేశంలో అరుదైన దిగుమతి కారు. హైదరాబాదు రోడ్ల మీద దశాబ్దాలపాటు తిరిగిన అంబాసిడరు, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ మూడూ నీళ్ళ బండ్లే. అందుచేత గాలితో చల్లబడే ఇంజన్ల చరిత్ర ఈ నగరంలో లేదనుకొంటే పొరపాటు. ఆ చరిత్రను కార్లలో కాక మరొకచోట వెదకాలి.

అమీర్‌పేటను ఆనుకొని ఉన్న బేగంపేట విమానాశ్రయంలో 1940లలోనే గాలితో చల్లబడే పెద్ద ఇంజన్లు ఉరిమాయి. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలను నడిపింది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటాకు రెండు ఇంజన్లు, ఒక్కొక్క ఇంజనులో 14 సిలిండర్లు, సిలిండరుకు రెండేసి ప్లగ్గులు, ఇంజనుకు రెండేసి మాగ్నెటోలు. నేల మీద ఉన్నంతసేపు ఇంజను చుట్టూ ఉన్న తలుపుల్లాంటి రేకులను పైలట్లు తెరిచి ఉంచేవారు. గాలి చాలని చోట వేడి ఎంత త్వరగా పేరుకొంటుందో వారికి శిక్షణలోనే నేర్పేవారు. ఎగరబోయే ముందు మాగ్నెటోలను ఒకదాని తరువాత ఒకటి ఆపి చూసి, రెండూ సరిగా ఉన్నాయని తేల్చుకొనేవారు. నింద మోపేముందు పరీక్షించటం అక్కడ నియమం.

నేల మీద మాత్రం స్కూటర్లు, మోటారుసైకిళ్ళు, ఆటోలు ఆ చరిత్రను మోశాయి. బజాజ్ సంస్థ 1960ల ఆరంభంలో స్కూటర్లు, ఆటోరిక్షాలు చేయటం మొదలుపెట్టింది. 1972లో చేతక్, 1977లో ఇంజను వెనకనున్న ఆటో వచ్చాయి. మద్రాసులో 1955 నుండి తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ సరేసరి. మన నగరానికి సొంతమనదగినది ఆల్విన్ పుష్పక్ స్కూటరు. 1942లో సనత్‌నగర్‌లో వెలసిన ఆల్విన్ కర్మాగారం ఫ్రిజ్‌లతో, బస్సు బాడీలతో, గడియారాలతో పేరు తెచ్చుకొన్నది. 1980లలో పుష్పక్ పేరుతో స్కూటర్లు కూడా ఈ దారుల మీదికి వచ్చాయి. వీటన్నింటికీ నీళ్ళు లేవు. ఉన్నదల్లా రెక్కలు, కొన్నింటికి ఫ్లైవీలు మీది ఫ్యాను.

వీటి జ్వలన వ్యవస్థలు రెండు జాతులు. పాత స్కూటరులో, ఆటోలో ఫ్లైవీలే మాగ్నెటో. బ్యాటరీతో పని లేదు. ఇంజను ఆగితే కాయిల్‌లోకి విద్యుత్తే రాదు. కాబట్టి తాళం తిప్పి ఉంచినందువల్ల ఆ కాయిల్ కాలిపోవటం అసంభవం. దానికి తగిలేది బయటి వేడే. బుల్లెట్ జాతి వేరు. దానిది బ్యాటరీ, పాయింట్లు, కాయిల్ ఉన్న కెటరింగ్ పద్ధతి. పాత బుల్లెట్ హెడ్‌లైటు మీద ఆంపియర్‌మీటరు ఉంటుంది. పాయింట్లు మూసుకొని ఉంటే తాళం తిప్పగానే ముల్లు ఒక పక్కకు వాలుతుంది, విడిపోతే మధ్యకు వస్తుంది. కాయిల్ వేడెక్కుతున్నదా లేదా అన్న సంగతి ఆ ముల్లు మౌనంగా చెబుతూనే ఉండేది. కార్ల యజమానులలో చాలామందికి లేని ఆ సదుపాయం బుల్లెట్ నడిపినవారికి ఉన్నది. చూడటం తెలిసినవారు దానితోనే బండిని అర్థం చేసుకొన్నారు.

* * *

ఇప్పుడు దారి దగ్గరికి వద్దాం. పంజాగుట్ట నుండి అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, ఎర్రగడ్డల మీదుగా పోయేది ఒకప్పటి 9వ నెంబరు జాతీయ రహదారి, నేటి 65వ నెంబరు. బొంబాయి వైపు పోయే లారీలకు, సనత్‌నగర్ కర్మాగారాల కార్మికులకు, నిమ్స్ ఆసుపత్రికి వచ్చే రోగులకు ఇదే దారి. 1990ల నుండి మైత్రీవనం చుట్టూ కంప్యూటరు శిక్షణా కేంద్రాలు వెలిసి, రాష్ట్రం నలుమూలల నుండి విద్యార్థులు వచ్చి చేరారు. బండ్లు పెరిగాయి, దారి పెరగలేదు. పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవరు తలపెడితే, 2007 సెప్టెంబరులో నిర్మాణంలో ఉండగానే ఒక భాగం కూలి ప్రాణాలు పోయాయి. 2012లో మొదలైన మెట్రో పనులు ఏళ్ళ తరబడి రోడ్డు నడుమ అడ్డుగోడలు నిలిపాయి. 2017 నవంబరులో అమీర్‌పేట మీదుగా మెట్రో రైలు నడిచింది. పంజాగుట్ట స్టేషను 2018 సెప్టెంబరులో తెరుచుకొన్నది. ఈ నడుమ కాలమంతా ఈ దారి చరిత్ర ఒక విధంగా నిలబడటమనే చరిత్ర. బేగంపేట వాతావరణ కేంద్రం 1966 జూన్ 2న నమోదు చేసిన 45.5 డిగ్రీలు ఈ ప్రాంతపు ఎండకు సాక్ష్యం. అది నీడలోని లెక్క. తారు మీద, రెండు బస్సుల నడుమ, సైలెన్సర్ల పక్కన నిలబడిన ఆటోకు తగిలేది అంతకు మించినది.

సిగ్నలు దగ్గర ఇంజను మెల్లగా తిరుగుతుంటే ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. పెట్రోలు ఆదా చేద్దామని డ్రైవరు ఇంజను ఆపితే ఫ్యాను మొత్తంగా ఆగుతుంది. సిలిండరులో దాగిన వేడి బయటికి పాకటం అప్పుడు మొదలవుతుంది. ఆపిన తరువాత కొన్ని నిమిషాలపాటు చుట్టూ ఉన్న భాగాల వేడి తగ్గకపోగా పెరుగుతుంది. పచ్చదీపం పడేసరికి కాయిల్, కండెన్సరు, కార్బురేటరు అన్నీ తమ తమ గరిష్ఠ వేడిలో ఉంటాయి. బండి లేవదు. వెనక హారన్లు మోగుతాయి.

ఇక్కడ కాయిల్ పాత్ర ఎంత? బీటిల్, బుల్లెట్ వంటి బ్యాటరీ బండ్లలో ఆ పాత్రను మళ్ళీ లెక్కతోనే తేల్చవచ్చు. రాగి నిరోధం డిగ్రీకి వందకు 0.39 చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 3 ఓమ్‌లు ఉన్న కాయిల్ 100 డిగ్రీల దగ్గర 3.9 ఓమ్‌లు అవుతుంది. 4 ఆంపియర్లు పారవలసినచోట 3 పారుతాయి. రవ్వలోని శక్తి ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది 60 శాతానికి పడిపోతుంది. సెల్ఫు తిప్పేటప్పుడు బ్యాటరీ 10 వోల్టులకు దిగితే 40 శాతమే మిగులుతుంది. కొత్త కాయిల్‌కైనా ఇదే గతి. వేడిలో బలహీనపడటం కాయిల్‌కు జబ్బు కాదు, రాగి స్వభావం. మిగతా భాగాలు సరిగా ఉంటే ఆ మిగిలిన రవ్వ చాలు. చాలలేదంటే దోషం మరొకచోట ఉన్నదని అర్థం.

దోషులు ఎక్కడెక్కడ దాగుతారో చూద్దాం. కండెన్సరు వేడికి కారితే పాయింట్లు మాడిపోతాయి, రవ్వ పల్చబడుతుంది. పాయింట్ల పాదం అరిగి సందు తగ్గితే అవి ఎక్కువసేపు మూసుకొని ఉంటాయి, కాయిల్ మరింత వేడెక్కుతుంది. ప్లగ్గు సందు పెరిగితే రవ్వ దూకటానికి ఎక్కువ వోల్టేజి కావాలి. ఎల్.పి.జి.కి మార్చిన ఆటోలలో ఆ అవసరం పెట్రోలు బండి కన్నా అధికం. టూ స్ట్రోకు బండిలో ఆయిలు ప్లగ్గును కప్పేస్తుంది. కార్లలో పెట్రోలు పంపులోనే ఆవిరై దారి మూసేస్తుంది. పంపు మీద తడిగుడ్డ చుట్టటం మన డ్రైవర్లందరూ ఎరిగిన చిట్కాయే. చివరిది మార్చిన కాయిలే. విడిగా ఒక నిరోధకం జతగా ఉండవలసిన 1.5 ఓమ్‌ల కాయిల్‌ను ఆ జత లేకుండా బిగిస్తే, పాయింట్లు మూసుకొన్నప్పుడు 8 ఆంపియర్లు, 96 వాట్లు. డబ్బా చూడటానికి ఒకేలా ఉంటుంది. ఆయుష్షు మాత్రం వారాలలోనే తీరుతుంది.

* * *

మరి అన్నిసార్లు కాయిలే దోషి అని ఎందుకు తేలింది? బండి ఆగింది. కాయిల్ ముట్టుకొంటే చేయి కాలింది. అది పోయిందన్నారు. కొత్త కాయిల్ కోసం రాణీగంజ్ దాకా ఒకరు పోయి వచ్చారు. ఆ రాకపోకలకు గంటో, గంటన్నరో పట్టింది. కొత్తది బిగించి ఒక్క కిక్కు కొట్టగానే బండి లేచింది! అందరూ సంతోషించారు. ఆ గంటన్నరలో ఇంజను చల్లారిందని, పాత కాయిల్‌తోనైనా అది లేచేదేనని ఎవరికీ తోచలేదు. బండిని బాగుచేసినది కాయిల్ కాదు, కాలం. మారిన వస్తువు కంటికి కనపడుతుంది, గడిచిన కాలం కనపడదు. అందుకే మెప్పు కొత్త కాయిల్‌కు, నింద పాతదానికి దక్కాయి.

దీని మూల్యం చిన్నది కాదు. అద్దె ఆటో నడిపేవాడికి బండి కదిలినా కదలకున్నా సాయంత్రం యజమానికి కిరాయి కట్టాలి. కాయిల్ ఖరీదు, మెకానిక్కు కూలి, పోయిన పూట గిరాకీ మూడూ అతడి నెత్తినే. వారం తిరగక ముందే అదే సిగ్నలు దగ్గర బండి మళ్ళీ ఆగుతుంది. ఈసారి "కాయిల్ డూప్లికేటు" అంటారు. అట్లా ఒక తప్పుడు తీర్పు రెండవ తప్పుడు తీర్పుకు సాక్ష్యమవుతుంది. షెడ్డులో పని నేర్చుకొనే కుర్రవాడికి అదే విద్యగా అందుతుంది.

మంచి మెకానిక్కు వేరుగా చేస్తాడు. ఇంజను వేడిగా ఉన్నప్పుడే, ఆగిన ఆ నిమిషంలోనే ప్లగ్గు ఊడదీసి, ఇంజను ఒంటికి ఆనించి రవ్వ చూస్తాడు. గట్టి నీలిరంగు రవ్వ వస్తే కాయిల్‌ను విడిచిపెట్టి పెట్రోలు వైపు పోతాడు. పల్చటి రవ్వ వస్తే ముందు కొద్దిపాటి ఖరీదు గల కండెన్సరు మార్చి, పాయింట్ల సందు సరిచేస్తాడు. అప్పటికీ రవ్వ బాగుపడకపోతేనే కాయిల్ మీద చేయి వేస్తాడు. శమంతకమణి కోసం శ్రీకృష్ణుడు చేసినదీ ఇంతే. ప్రసేనుడి జాడ పట్టుకొని సింహం దాకా, సింహం జాడ పట్టుకొని జాంబవంతుడి గుహ దాకా వెళ్ళాడు. చల్లారనిచ్చి వెదికితే జాడలు చెరిగిపోతాయి.

2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 ప్రమాణాలు అమలైన తరువాత కొత్త బండ్లలో కార్బురేటరు దాదాపుగా కనుమరుగైంది. పాయింట్లు, కండెన్సరు అంతకు ముందే పోయాయి. కాయిల్‌లో విద్యుత్తు ఎంతసేపు పారాలో ఇప్పుడు ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది, తప్పు జరిగితే తానే రాసిపెట్టుకొంటుంది. విద్యుత్తు ఆటోకు ఆ డబ్బా అవసరమే లేదు. అయినా పాత బుల్లెట్‌లను, చేతక్‌లను, అక్కడక్కడ ఒక బీటిల్‌ను ముద్దుగా సాకుతున్నవారు ఈ నగరంలో ఉన్నారు. వారిలో ఎవరి బండి అయినా రేపటి మే నెలలో అమీర్‌పేట సిగ్నలు దగ్గర ఆగిపోతే, కాయిల్ కోసం మనిషిని పంపకముందు ప్లగ్గు పానా బయటికి తీయటం మంచిది. ఇంజను ఇంకా వేడిగా ఉన్నప్పుడే.